వొరిగిన చెట్టుకు దిగులు లేదంట

సైన్సు బిల్డింగు ముందర రెండు చెట్లుండాయి.
రెండింటికీ కలిపి ఒకటే రేకు బోర్డు:
క్రిస్మస్ చెట్టు.
ఇరవై రెండేండ్ల కింద కడియం లారీలో వచ్చినప్పుడు
రెండూ నా మోకాలెత్తు.
దించుకున్నది నేనే, గుంతలు తీసింది నేనే.
కడప నేల కదా, మూరెడు తవ్వితే బండ.
పలుగు ఖంగుమని ఎగిరొస్తే
ఒక గుంత రెండు బారలు పక్కకు జరిపినా.

ఒకటి నిట్టనిలువు,
గొడుగు మీద గొడుగు ఇప్పి పెట్టినట్టు.
రెండోది సన్నం, సీసాలు తోమే బ్రష్షు మాదిరి.
పెరిగేకొద్దీ అది వొరిగింది,
దక్షిణానికి, రాయచోటి దావ పట్టినట్టు.

"నీళ్ళు ఒక పక్కే పోస్తాండావా దస్తగిరీ?"
అని అడగని ప్రిన్సిపాలు లేడు.
వెదురుబొంగు నాటినా. చెదలు తినింది.
మోకు కట్టి ఉత్తరానికి లాగినా. తెగింది.
ఇనప తీగ చుట్టినా.
గాలివాన రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకోని
దాని మొదట్లోనే కూచున్నా,
నేనుంటే పడదన్నట్టు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన ఎస్తేరమ్మ మేడం
రాలిన రెమ్మ ఒకటి వేళ్ళ మధ్య దొర్లించి
"ఇవి రెండూ ఒకటి కాదన్నా" అనింది.
వొరిగింది కుక్ పైను. నిలబడింది నార్‌ఫోక్ పైను.
రెండూ ఏదో సముద్రంలో వేరువేరు దీవులవి.
"వొరగడం జబ్బు కాదు, దాని జాతే అంత.
భూమి నడుము యాడుందో అటు వొంగుతుంది.
సొంత దీవిలో ఉండింటే ఉత్తరానికి వొరిగేది."

నేనేం మాట్లాడలే.
రోజుకు ఐదుసార్లు నేను పడమటికి వంగుతా.
ఇన్నేండ్లలో ఒకరన్నా
నాకు తాడేసి తూర్పుకు లాగినోళ్ళు లేరు.

ఏ చెట్టు ఎంత గండంలో ఉందో
రాసే పట్టిక ఒకటుందంట. ఫోన్లో చూపించింది.
వొరిగినదాని ఎదురుగా: దిగులు లేదు.
నిటారుగా ఉండేదాని ఎదురుగా: గండం పొంచి ఉంది.
నవ్వొచ్చింది.
నా ఇరవై రెండేండ్ల దిగులంతా తప్పు చెట్టుకు పోసినానా?
"అయినా మేడం, ఇది కరువేంది?
బ్యాంకులో ఉండాది, లాడ్జిలో ఉండాది,
కో-ఆపరేటివ్ కాలనీలో మెట్టుమెట్టుకూ కుండీలో ఉండాదే!"

"కుండీది లెక్కకు రాదన్నా.
పుట్టిన గడ్డ మీద
తనంతట తాను గింజ రాల్చి
తనంతట తాను మొలిస్తేనే లెక్క."

తర్వాత ఆయమ్మే అడిగింది:
"మన పాలకొండల్లో పెరిత ఉంటుంది, చూసినావా?"
చూడకేం. కట్టెలకు పోయినప్పుడు
మా నాయన కొండీత అనేటోడు.
మోటు మాను, పైన ఈతాకు మాదిరి కిరీటం.
నడిమధ్యలో లేచే కంకిని
మందులోళ్ళు కోసుకుపోతారు.
ఈ రెండు పైన్లకూ అది దూరపు చుట్టమంట,
గింజను పండులో దాచుకోని వంశం.
పట్టికలో ఈ రెండింటికన్నా చెడ్డ వరస దానిదే.
దానికి మా కాలేజీలో రేకు బోర్డు కూడా లేదు.

మర్నాడు కటింగ్ ప్లేయరు తీసుకోని
కుక్ పైను దగ్గరికి పోయినా.
తీగ బెరడు లోపలికి దిగిపోయిండాది.
పీకితే చర్మం వొస్తాది.
బయటికున్న రెండు కొసలు మాత్రం తుంచినా.
మిగతాది అదే మోస్తాది, ఇన్నాళ్ళు మోసినట్టే.

పోయిన ఆదివారం కొండెక్కినా.
మోకాలు పాతదైపోయింది, రెండు చోట్ల కూచున్నా.
మూడో మలుపు దాటినాక, బండ సందులో
పెరిత పిల్ల ఒకటి.
నాలుగే ఆకులు, ఎండకు కొసలు మాడి.

చంకలో సీసాకు సగం నీళ్ళుండాయి.
మూత తీసినా.
చెయ్యి దానంతటదే ముందుకు పోయింది,
ఇరవై రెండేండ్ల అలవాటు.

మూత పెట్టేసినా.